డబ్బా మీద ‘క్లినికల్లీ ప్రూవెన్’ అని ఉంటే చాలా? ఆయుర్వేద, ప్రకృతి చికిత్సల ట్రయల్స్‌ను మీ ఫోన్లోనే సరిచూసుకోవడం ఎలా?

మీ నాన్నగారికి పదేళ్లుగా షుగర్ ఉంది. ఎవరో చెబితే ఒక పొడి డబ్బా తెప్పించుకున్నారు. దాని మీద ‘క్లినికల్లీ ప్రూవెన్’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద ఏదో రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉంది. ‘‘గవర్నమెంటు నంబర్ ఇచ్చిందంటే ఊరికే ఇస్తుందా? ఇక ఈ ఇంగ్లిష్ మాత్రలు మానేస్తా’’ అంటున్నారు. మీరేం చెబుతారు?

ఇంకో సందర్భం చూడండి. మోకాళ్ల నొప్పులని అమ్మను ప్రకృతి వైద్య ఆసుపత్రికి తీసుకెళ్లారు. ‘‘మట్టి పట్టీల మీద ఒక స్టడీ చేస్తున్నామమ్మా, చేరితే చికిత్స ఫ్రీ’’ అని చెప్పి నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టారు. సంతకం పెట్టొచ్చా?

ఈ రెండు ప్రశ్నలకూ చాలావరకు జవాబు దొరికే ప్రభుత్వ వెబ్‌సైట్ ఒకటి ఉంది. పేరు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా. అందరూ సీటీఆర్ఐ అంటారు. ఐసీఎంఆర్ దీన్ని 2007 జులైలో మొదలుపెట్టింది. ఫీజు లేదు, లాగిన్ లేదు, ఎవరైనా చూడొచ్చు. దాన్ని ఎలా చదవాలో తెలుసుకునే ముందు, అసలు ట్రయల్ ఎందుకు అవసరమో చూద్దాం.

‘మా వీధిలో పది మందికి తగ్గింది’ అంటే సరిపోదా?

2021 మే నెల గుర్తుందా? కోవిడ్ రెండో వేవ్. ఆసుపత్రుల్లో బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేల మంది ఎగబడ్డారు. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. కంట్లో చుక్క వేయగానే లేచి కూర్చున్నారంటూ వీడియోలు ప్రతి ఫోన్లోనూ తిరిగాయి.

అప్పుడు ప్రభుత్వం పంపిణీ ఆపించి, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి (సీసీఆర్ఏఎస్)తో పరిశీలన చేయించింది. మందు వాడినవారికి ఫోన్లు చేసి వివరాలు సేకరించారు. మే 31న కంటి చుక్కలు మినహా కొన్ని రకాలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అయితే ఆ అనుమతిలో ఏముందో చాలామంది చూడలేదు. వీటితో హాని ఉన్నట్టు తేలలేదు, కోవిడ్ తగ్గిస్తాయన్న ఆధారం కూడా లేదు, డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దు. సారాంశం ఇదే. ఊళ్లలో మాత్రం ‘గవర్నమెంటు పాస్ చేసింది’ అన్న మాటే మిగిలింది.

ఫోన్లు చేస్తే ఎందుకు తేలదంటారా? కోవిడ్ సోకినవారిలో ఎక్కువ మంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. మందు తీసుకున్న వంద మందిలో తొంభై మందికి పైగా బాగయ్యారనుకుందాం. తీసుకోని వంద మందిలోనూ అంతే మంది బాగై ఉంటే, ఆ మందు చేసిందేమిటి? పైగా ఫోన్ ఎత్తి మాట్లాడేది బాగైనవాళ్లే. చనిపోయినవాళ్లు ఫోన్ ఎత్తరు.

అందుకే పోలిక కావాలి. ఒకే రకం రోగులను తీసుకుని, లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు పరీక్షించే మందు, రెండో గుంపుకు ఇప్పటికే వాడుకలో ఉన్న మందో, అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రో (ప్లాసిబో) ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ, వీలైతే డాక్టర్‌కీ తెలియనివ్వరు. చివర్లో రెండు గుంపుల మధ్య తేడా ఎంతో లెక్కేస్తారు. మోకాళ్ల నొప్పి ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ ఉంటుంది. మనం మందు మొదలుపెట్టేది నొప్పి బాగా ముదిరినప్పుడే. ఆ తర్వాత ఎటూ కొంత తగ్గుతుంది, ఆ పేరు కాస్తా మందు కొట్టేస్తుంది. పోలిక లేకపోతే ఈ మాయ బయటపడదు.

పోలిక లేని ట్రయల్స్ ప్రభుత్వ సంస్థలు చేసినవీ ఉన్నాయి. షుగర్‌కు వేగిస చెక్క గ్లాసులో నీళ్లు నానబెట్టి తాగమని అమ్ముతుంటారు, చూసే ఉంటారు. ఈ చెట్టు మీద (హిందీలో విజయసార్ అంటారు) ఐసీఎంఆర్ చేయించిన పరిశీలన 1998లో అచ్చయింది. కొత్తగా షుగర్ బయటపడ్డ 97 మందిలో 67 మందికి 12 వారాల్లో అదుపులోకి వచ్చింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ రెండో గుంపు లేదు. ఆహార నియమాల వల్ల ఎంత తగ్గింది, చెక్క వల్ల ఎంత తగ్గింది అన్నది అందులోంచి విడదీయలేం. పైగా అది కొత్త రోగుల మీద చేసింది. పదేళ్లుగా మందులు వాడుతున్న మీ నాన్నగారి గురించి అది ఏమీ చెప్పదు.

మట్టి పట్టీకి డమ్మీ ఎలా చేస్తారు?

మాత్రకు ఉత్తుత్తి మాత్ర చేయొచ్చు. మరి మట్టి పట్టీకి? తొట్టి స్నానానికి? ఉపవాసానికి? తిన్నారో లేదో మీకు తెలియకుండా మిమ్మల్ని ఉపవాసం ఉంచలేరు కదా. ప్రకృతి వైద్యం మీద ట్రయల్స్ చేయడంలో అసలు చిక్కు ఇదే. ఏ గుంపులో ఉన్నారో రోగికి తెలిసిపోతుంది. ‘నాకు ప్రత్యేక చికిత్స జరుగుతోంది’ అన్న భావనే నొప్పిని కొంత తగ్గిస్తుంది. పైగా ప్రకృతి వైద్యమంటే ఒక్క మందు కాదు. ఆహారం, నిద్ర, నడక, మర్దనా, డాక్టర్ అరగంట కూర్చుని వినడం, అన్నీ కలిసిన ప్యాకేజీ. మేలు జరిగితే దేనివల్ల జరిగింది?

కెనడాలో తపాలా ఉద్యోగుల మీద చేసిన ట్రయల్ దీనికి మంచి ఉదాహరణ. 2013లో ఫలితాలు వచ్చాయి. గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 246 మందిని రెండుగా విడగొట్టారు. ఒక గుంపు ఎప్పటిలాగే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరకు వెళ్లింది. రెండో గుంపు దాంతోపాటు ఏడాదిలో ఏడుసార్లు ప్రకృతి వైద్యులను కలిసింది. పదేళ్లలో గుండె జబ్బు వచ్చే ముప్పు అంచనా రెండో గుంపులో సుమారు 3 శాతం పాయింట్లు తక్కువగా తేలింది. చిన్న ఫలితం కాదు. కానీ ఏడుసార్లు కూర్చోబెట్టి తిండి, వ్యాయామం గురించి చెబితే, చెప్పింది ఎవరైనా ఇదే ఫలితం వచ్చేదేమో అన్న విమర్శ వెంటనే వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. అలాగని మన ఓపీల్లో రోగికి మూడు నిమిషాలు కూడా దొరకని పరిస్థితిని తలచుకుంటే, ఆ ఏడు భేటీల విలువ తక్కువేమీ కాదనిపిస్తుంది.

మన దేశంలో యోగా మీద ఇంతకంటే చాలా పెద్ద ట్రయల్ జరిగింది. గుండెపోటు వచ్చి కోలుకుంటున్న 3,959 మందితో 24 ఆసుపత్రుల్లో చేసిన ‘యోగా-కేర్’. 2020లో అచ్చయింది. మళ్లీ గుండెపోటు, పక్షవాతం, మరణం వంటివి యోగా గుంపులో కొంచెం తక్కువే అయినా, ఆ తేడా లెక్కకు నిలిచేంత లేదు. యోగా చేసినవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు. పాత పనుల్లోకి తిరిగి వెళ్లడం కూడా వారిలోనే ఎక్కువ కనిపించింది. అంటే, చేస్తే మంచిదే. బీపీ, రక్తం పలచబరిచే మాత్రలకు మాత్రం అది బదులు కాదు.

నెగ్గినవి, ఓడినవి

‘ఆయుర్వేదాన్ని పరీక్షిస్తే ఏదీ నిలబడదు’ అనేవారు ఒకవైపు, ‘వేల ఏళ్ల విద్యకు పరీక్ష ఏంటి’ అనేవారు మరోవైపు. ఇద్దరి మాటా తప్పని చెప్పే ఉదాహరణ క్షారసూత్రం. ఉత్తరేణి క్షారం, ఆకుజెముడు పాలు, పసుపు పట్టించిన దారంతో ఫిస్టులాకు (భగందరం) చేసే చికిత్స ఇది. ఐసీఎంఆర్ పలు ఆసుపత్రుల్లో దీన్ని ఆపరేషన్‌తో పోల్చి 1991లో ఫలితాలు ప్రకటించింది. గాయం మానడానికి ఆపరేషన్‌కు నాలుగు వారాలు పడితే, దారానికి ఎనిమిది వారాలు పట్టింది. కానీ జబ్బు తిరగబెట్టింది ఆపరేషన్ చేయించుకున్న వారిలో 11 శాతం మందికి, క్షారసూత్రం వాడినవారిలో 4 శాతం మందికే. ఓపిక ఉంటే ఏది ఎంచుకోవాలో రోగి తేల్చుకోవచ్చు. ట్రయల్ చేయాల్సిన పని ఇదే.

ఓడినదానికి ఉదాహరణ ఆయుష్-64. సీసీఆర్ఏఎస్ మలేరియా కోసం తయారుచేసిన మందు. కోవిడ్ సమయంలో మళ్లీ వార్తల్లోకి వచ్చింది కాబట్టి పేరు విని ఉంటారు. వైవాక్స్ మలేరియా రోగుల్లో దీన్ని క్లోరోక్విన్‌తో పోల్చిన ఫలితాలు 2000లో వచ్చాయి. 28 రోజుల తర్వాత క్లోరోక్విన్ వాడినవారందరికీ నయమైంది. ఆయుష్-64 వాడినవారిలో సగం మందికి కూడా కాలేదు. మలేరియాలో ఆ మిగతా సగం మంది పరిస్థితి ఏంటో ఆలోచించండి.

అదే మలేరియాకు ప్రపంచమంతా ఇప్పుడు వాడుతున్న ఆర్టెమిసినిన్ కూడా ఒక మొక్కలోంచి వచ్చిందే. చైనా శాస్త్రవేత్త టూ యూయూ పాత వైద్య గ్రంథంలోని ఆధారం పట్టుకుని, 1971లో సరైన పద్ధతిలో దాని సారం తీశారు. 2015లో నోబెల్ వచ్చింది. అయితే ఇప్పుడు ఆసుపత్రిలో ఇచ్చేది ఆ ఆకు కషాయం కాదు. మోతాదు కొలిచి, పరీక్షలు దాటి వచ్చిన మందు. జ్ఞాపకశక్తికి అమ్మే గింకో బిలోబా సంగతి వేరు. 75 ఏళ్లు దాటిన 3,069 మందిపై అమెరికాలో ఏళ్ల తరబడి పరీక్షించారు. మతిమరుపు జబ్బును అది ఆపలేకపోయిందని 2008లో తేల్చారు. మాత్రలు మాత్రం ఇప్పటికీ ఆన్‌లైన్‌లో అమ్ముతూనే ఉన్నారు.

ఆ నంబర్‌తో ఏం చేయాలి?

మళ్లీ మీ నాన్నగారి డబ్బా దగ్గరకు వద్దాం. నంబర్ సీటీఆర్ఐ అని మొదలై, ఏడాది, నెల, చివర కొన్ని అంకెలతో ఉంటుంది. ముందు ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ నంబర్ అనుమతి కాదు, ఆమోదం కాదు. ‘మేం ఫలానా పరీక్ష చేయబోతున్నాం’ అని నమోదు చేసుకున్నందుకు ఇచ్చే నంబర్ మాత్రమే. పదో తరగతి హాల్‌టికెట్ లాంటిది. హాల్‌టికెట్ చూపించి పాసయ్యానంటే ఒప్పుకుంటామా?

కరోనిల్ విషయంలో ఈ తికమకే పెద్దదైంది. 2020 జూన్ 23న పతంజలి ఆ మందును విడుదల చేస్తూ, ట్రయల్‌లో ఏడు రోజుల్లో వంద శాతం మంది కోలుకున్నారని ప్రకటించింది. ట్రయల్ సీటీఆర్ఐలో నమోదైన మాట నిజమే. కానీ అది సుమారు వంద మందితో, లక్షణాలు లేని లేదా తక్కువగా ఉన్నవారితో చేసింది. అదే రోజు ఆయుష్ శాఖ ప్రచారం ఆపి వివరాలు ఇవ్వమంది. తాము లైసెన్స్ ఇచ్చింది కోవిడ్ మందుకు కాదని ఉత్తరాఖండ్ అధికారులు చెప్పారు. చివరికి రోగ నిరోధక శక్తి పెంచేదిగానే అమ్ముకోవాలన్నారు.

ఇప్పుడు ఫోన్ తీయండి. సీటీఆర్ఐ వెబ్‌సైట్‌కు వెళ్లి ‘ట్రయల్ సెర్చ్’ నొక్కండి. నంబర్ ఉంటే నంబర్, లేకపోతే మందు పేరో జబ్బు పేరో ఇంగ్లిష్‌లో కొట్టండి. చిన్న స్క్రీన్ మీద పేజీ అంత బాగా కనిపించదు, అడ్డంగా తిప్పుకోండి. సాంకేతిక పదాలు చాలా ఉంటాయి. అన్నీ చదవక్కర్లేదు.

మొదట రిజిస్ట్రేషన్ తేదీ, దాని పక్కనే ఉండే మాట చూడండి. ‘ప్రాస్పెక్టివ్’ అంటే మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేశారు. ‘రెట్రాస్పెక్టివ్’ అంటే తర్వాత చేశారు. తేడా ఏంటంటే, ముందే నమోదు చేస్తే దేన్ని కొలుస్తామో ముందే చెప్పినట్టు. తర్వాత ఫలితం బాగా వచ్చినదాన్నే ఏరుకుని చూపించడం కుదరదు. 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్ నమోదు తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ 1 నుంచి ముందస్తు నమోదు మాత్రమే తీసుకుంటున్నారు.

తర్వాత ‘టార్గెట్ శాంపుల్ సైజ్’. ఎంత మంది మీద? 30 మంది మీద చేసిన పరీక్షతో ‘నిరూపితం’ అనే మాట రాయకూడదు, రాస్తే నమ్మొద్దు. ఆపైన ‘ఇంటర్వెన్షన్, కంపారేటర్’ అన్న గడి. కంపారేటర్ దగ్గర ‘నిల్’ అని ఉంటే పోలిక లేదన్నమాట. ‘ప్రైమరీ అవుట్‌కమ్’ దగ్గర ఏం కొలుస్తారో, ఎన్నాళ్లకు కొలుస్తారో ఉంటుంది. షుగర్ మందు అని చెప్పి, కొలిచింది మాత్రం ‘నీరసం తగ్గిందా’ అని అయితే మీకు అర్థమైపోతుంది. ‘ప్రైమరీ స్పాన్సర్’ దగ్గర డబ్బు ఎవరిదో ఉంటుంది. మందు అమ్మే కంపెనీదే అయినంత మాత్రాన తప్పుడు ట్రయల్ అనుకోనక్కర్లేదు. అల్లోపతి మందులకూ ఎక్కువగా కంపెనీలే డబ్బు పెడతాయి. కాస్త జాగ్రత్తగా చదవాలంతే.

చివరగా ‘పబ్లికేషన్ డీటెయిల్స్’. ట్రయల్ ముగిసి నాలుగైదేళ్లయినా ఇది ఖాళీగా ఉందంటే, ఫలితం ఎక్కడా అచ్చుకాలేదనో, పేజీని ఎవరూ అప్‌డేట్ చేయలేదనో అర్థం. ఏదైనా సరే, అలాంటి ట్రయల్ చూపించి డబ్బా అమ్మడం సరికాదు.

అసలు పరీక్ష లేకుండానే అమ్మొచ్చా?

అమ్మొచ్చు. ఇది చాలామందికి తెలియని సంగతి. చరక సంహిత, భైషజ్య రత్నావళి వంటి, చట్టం గుర్తించిన గ్రంథాల్లో ఉన్న యోగాన్ని అదే జబ్బుకు తయారుచేస్తే ట్రయల్ అక్కర్లేదు. గ్రంథమే ఆధారం. కంపెనీ సొంత ఫార్ములా అయితే, డ్రగ్స్ రూల్స్‌లోని 158-బి ప్రకారం పనితీరుకు ఆధారంగా చిన్నపాటి అధ్యయనం చూపాలి. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర అధికారులు. ఇక మట్టి పట్టీ, ఉపవాసం వంటివి మందులే కావు కాబట్టి ఆ చట్టంలోకే రావు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చేదాన్ని ఒకప్పుడు చేప మందు అనేవాళ్లం, ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నాం. ప్రసాదానికి ట్రయల్ ఎవరడుగుతారు?

మిమ్మల్నే చేరమంటే?

ఆ నాలుగు పేజీల కాగితం పేరు సమ్మతి పత్రం. అది మీకు వచ్చిన భాషలో ఉండాలి. తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామనండి. అక్కడే సంతకం పెట్టమని తొందరపెడితే అనుమానించండి. ఒక కాపీ మీకివ్వాలి.

అడగాల్సినవి కొన్నే. దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, సీటీఆర్ఐ నంబర్ ఎంత? నేను ఏ గుంపులో పడతానో ముందు తెలుస్తుందా? అన్నిటికంటే ముఖ్యమైనది, ఇప్పుడు వాడుతున్న మందులు ఆపాలా? షుగర్, ఫిట్స్, ఆస్తమా, గుండె, థైరాయిడ్ మందులు ఆపమంటే, వాటిని రాసిన డాక్టర్‌తో మాట్లాడకుండా ఒప్పుకోవద్దు. ఇన్సులిన్ మీద బతికే టైప్-1 పిల్లలకు రెండు రోజులు ఇన్సులిన్ ఆపినా ప్రాణం మీదకు వస్తుంది. ఏ కషాయమూ దానికి బదులు కాదు.

ట్రయల్ కోసం చేసే పరీక్షలకు, ఇచ్చే మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మధ్యలో ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. తప్పుకున్నారని మీ మామూలు చికిత్స ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని కొత్త మందుల విషయంలో 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మొక్కలోంచి తీసి శుద్ధిచేసి, ప్రామాణికంగా తయారుచేసే ‘ఫైటోఫార్మాస్యూటికల్’ మందులూ వీటి కిందికే వస్తాయి. ఆయుర్వేద, ప్రకృతి వైద్య పరిశోధనలకు ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు వర్తిస్తాయి, పరిహారం మాట వాటిలోనూ ఉంది. కాబట్టి ‘హాని జరిగితే ఖర్చు ఎవరిది’ అన్న వాక్యం మీ కాగితంలో ఎక్కడుందో వెతకండి. లేకపోతే రాయించండి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా అందులోనే ఉండాలి. ఆ కమిటీలో డాక్టర్లే కాకుండా న్యాయం తెలిసినవారు, మామూలు పౌరులు కూడా ఉంటారు. మీరు నేరుగా ఫోన్ చేయొచ్చు.

‘ఆకులే కదా, ఏమవుతుంది?’

ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను కొని పరీక్షిస్తే, ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను 2022లో మన దేశ డాక్టర్లు ప్రచురించారు. అంతకుముందు ముంబై నుంచి ఇలాంటి కేసులు వచ్చినప్పుడు, అది అసలు తిప్పతీగ కాకుండా దాన్ని పోలిన వేరే తీగ అయి ఉండొచ్చని ఆయుష్ శాఖ వాదించింది. మీ సంచిలో ఉన్నది ఏ తీగో మీకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వాడకం ఆపి డాక్టర్‌కు చూపించండి. ఏమేం వాడారో సిగ్గుపడకుండా చెప్పండి. ఆపరేషన్‌కు వెళ్లేముందు అయితే తప్పనిసరిగా చెప్పాలి.

ఫిర్యాదు ఎవరికి?

షుగర్, బీపీ, క్యాన్సర్, పక్షవాతం వంటివి నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. డబ్బా మీద రాసినా ప్రకటనే. ఫొటో తీసి పెట్టుకోండి. తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కు పనిదినాల్లో చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీ జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఆయుర్వేద మందు వల్ల ఇబ్బంది కలిగినా, తప్పుడు ప్రకటన కనిపించినా కేంద్రం నడిపే ఆయుష్ సురక్ష పోర్టల్‌లో నమోదు చేయొచ్చు. బ్యాచ్ నంబర్ అడుగుతారు కాబట్టి డబ్బా పారేయకండి.